కనుమ దారిలో ఒక రాయి పాతండి

ఆంధ్రప్రదేశ్ పురావస్తు, ప్రదర్శనశాలల శాఖ కమిషనర్ గారికి,
నంద్యాల జిల్లా కలెక్టర్ గారికి,
జాతీయ రహదారుల అధికారులకు,



"విమానాశ్రయానికే ఆయన పేరు పెట్టారు కదా, ఇంకా రోడ్డు పక్కన రాయి దేనికండీ?" అని ఈమధ్య ఒక ఆఫీసులో నన్నడిగారు. ఎగతాళికి కాదు, నిజంగానే అర్థంకాక అడిగారు. అందుకే ఆ మనిషి మీద నాకు కోపం లేదు. కోపమల్లా ఆ మాట వెనకున్న ధోరణి మీదే. ఒక పెద్ద కట్టడానికి పేరు తగిలించి, కూడలిలో విగ్రహం నిలబెట్టేస్తే చరిత్రకు చెల్లించాల్సిందంతా చెల్లిపోయిందనే ఈ లెక్క ప్రభుత్వాలు మారినా మారడం లేదు. ఆ లెక్క మీకూ సమ్మతమేనా? నలుగురి ముందూ అడుగుదామనే ఈ బహిరంగ లేఖ.

1846లో ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరును 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయానికి పెట్టినప్పుడు ఆయన సీమ రేనాడు సంతోషించింది. నేనూ సంతోషించాను. అంతకు ముందే, 2019లో వచ్చిన సినిమాతో ఆ పేరు దేశమంతా తెలిసింది. మరి ఆయన పోరాడిన చోటు ఎంతమందికి తెలుసు? ఓర్వకల్లులో ఆయన కత్తి దూయలేదు. దూసింది కోవెలకుంట్లలో, రుద్రవరం దగ్గర, గిద్దలూరు దగ్గర. తలదాచుకున్నది నల్లమలలో. పట్టుబడింది పేరుసోముల కొండల్లో. ఈ ఊళ్లన్నీ ఇవాళ్టికీ ఉన్నాయి. వాటిని కలుపుతూ రోడ్లున్నాయి, రోజూ బస్సులు తిరుగుతున్నాయి. విమానం ఎక్కేవాళ్లెందరు, ఈ బస్సులెక్కేవాళ్లెందరు? ఆ బస్సులో కూర్చున్న పిల్లవాడికి కిటికీలోంచి ఏం కనిపిస్తోంది?

నంద్యాల నుంచి గిద్దలూరు పోయే ఘాట్ రోడ్డునే తీసుకోండి. గాజులపల్లె దాటాక నల్లరేగడి చేలు వెనకబడతాయి. రాతి నేల, అడవి మొదలవుతాయి. మలుపు తిరగ్గానే లారీ రెండో గేరులోకి దిగి మూలుగుతూ ఎక్కుతుంది. వెనక బస్సు డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడు. పిట్టగోడల మీద కోతులు బారులు తీరి కూర్చుని, ఏ కారు అద్దం దిగుతుందా, ఎవరు అరటిపండు విసురుతారా అని చూస్తుంటాయి. బోర్డులకేం కొదవ లేదు. వేగం తగ్గించమనేది ఒకటి, అడవి జంతువులు దాటతాయనేది ఒకటి, ప్లాస్టిక్ పారేయొద్దనేది ఒకటి, ముందు ప్రమాదకరమైన మలుపుందనేది ఇంకొకటి, ఇంకా ఎన్ని కిలోమీటర్లుందో చెప్పే రాళ్లు సరేసరి. అన్నీ కావాల్సినవే. కానీ మీరెక్కుతున్న ఈ దారి ఎవరిది, దీనికోసం ఎవరు ఎవరితో తలపడ్డారు అని చెప్పే మాట మాత్రం ఎక్కడా నా కంటపడలేదు.

అయ్యా, ఇది నిన్నా మొన్నా కొండ పగలగొట్టి వేసిన దారి కాదు. నల్లమల ఉత్తర దక్షిణాలుగా గోడలా నిలబడి రేనాటినీ కోస్తానూ వేరు చేస్తుంది. ఆ గోడలో ఉన్న సందులే కనుమలు. కంభానికీ నంద్యాలకూ మధ్య నంది కనుమ, ఎగువన దోర్నాల నుంచి ఆత్మకూరుకు మంత్రాల కనుమ, గిద్దలూరు పక్కన ముండ్లపాడు కనుమ. రేనాటి పత్తి తూర్పుకు దిగాలన్నా, సముద్రపు ఉప్పు పడమటికి ఎక్కాలన్నా ఇవే దిక్కు. బండి చక్రం కదలని చోట లంబాడీల ఎద్దులు నడిచేవి, వీపుకు రెండు పక్కలా గోనెలు వేసుకుని, మందలు మందలుగా. పోయేటప్పుడు ధాన్యం, వచ్చేటప్పుడు ఉప్పు. 1805 నుంచి మద్రాసు రాజధానిలో ఉప్పు అమ్మకం కంపెనీ గుత్త సొత్తయింది కాబట్టి, ఆ ఎద్దు మోసే ఉప్పు గోనెలో కంపెనీ లాభం కూడా ఉండేది. 19వ శతాబ్దం చివర గుంటకల్లు నుంచి బెజవాడకు మీటర్ గేజి రైలుమార్గం వేసినవాళ్లు బొగద దగ్గర కొండను తొలిచింది కూడా ఈ వైపే. పాత బాట, రైలు, ఇప్పటి జాతీయ రహదారి, మూడూ నల్లమలను ఈ ఒక్క ప్రాంతంలోనే దాటాయంటే ఈ చోటు విలువ వేరే చెప్పాలా?

కనుమ ఉన్నచోట కావలి ఉండాలి. పాలెగాళ్ల బలానికి ఉన్న వేళ్లలో అదొకటి. ఊళ్లో దొంగతనం జరిగితే సొత్తు పట్టి తేవాలి, తేలేకపోతే నష్టం కట్టివ్వాలి. అందుకు ఊళ్ల నుంచి కావలి రుసుము, దారిన పోయే సరుకు మీద సుంకం. వాళ్ల కింద కట్టుబడులనే బంట్లు మాన్యం భూమి దున్నుకుంటూ కావలి కాసేవాళ్లు. కొండ లోపల చెంచులు యాత్రికులకు తోడుపోయేవాళ్లు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి అప్పజెప్పాక, థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి ఈ ఏర్పాటునంతా కదిలించాడు. పాలెగాళ్ల కోటలు పోయాయి, బంట్లు పోయారు, కావలి హక్కులు పోయాయి. లొంగినవాళ్లకు తవర్జీ అనే భరణం మిగిలింది. ఒక పాలెగాడి మనవడైన నరసింహారెడ్డి వంతుకు వచ్చింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. తర్వాత తర్వాత కట్టుబడుల మాన్యాల మీదా సర్కారు చెయ్యి పడింది.

ఆ దారికీ ఈ తిరుగుబాటుకూ ఉన్న ముడి ఇదే. ఇది తెలియకపోతే 1846 నాటి సంగతి ఒక మొనగాడి పౌరుషంగా మాత్రమే మిగిలిపోతుంది. ఆయన వెనక వేలమంది ఎందుకు నడిచారు? కట్టుబడులు, బోయలు, చెంచులు ఏం పోగొట్టుకుంటే కత్తి పట్టారు? ఆ జవాబు సినిమా తెర మీద దొరకదు. కనుమలో నిలబడి, కింద కనిపించే రేనాటి మైదానం చూస్తే దొరుకుతుంది.

1846 జూలై 10న నరసింహారెడ్డి మనుషులు కోవెలకుంట్ల కచేరీ మీద పడ్డారు. తహసీల్దారు రాఘవాచారి ప్రాణం పోయింది. ఖజానాలో ఉన్న 805 రూపాయల 10 అణాల 4 పైసలు పోయాయి. కోవెలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలోది. కలెక్టరు కాక్రేన్, కెప్టెన్ నాట్, వాట్సన్, అందరూ ఒక్క మనిషి కోసం కదిలారు. రుద్రవరం దగ్గర తలపడి, అక్కడి నుంచి నల్లమల దాటి తిరుగుబాటుదార్లు గిద్దలూరు వైపు దిగారు. 23న అక్కడ పోరు జరిగింది. కంపెనీ దండుకు తుపాకులున్నాయి గాని కొండదారులు కొత్త. వీళ్లవి తాతల నాటి నుంచి కావలి కాసిన దారులు. ఆ తేడాతోనే అక్టోబరు దాకా, దాదాపు మూడు నెలలు, సర్కారుకు చిక్కలేదు. అక్టోబరు 6న పేరుసోముల కొండల్లో పట్టుకున్నారు. మొత్తం 901 మంది మీద అభియోగాలు మోపారు. 112 మందికి 5 నుంచి 14 ఏళ్ల దాకా శిక్షలు వేశారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్ల దగ్గర జుర్రేరు ఒడ్డున, జనం చూస్తుండగా నరసింహారెడ్డిని ఉరి తీశారు.

ఆ తర్వాత కంపెనీ చేసిన పని మీరందరూ ఒక్కసారి తలుచుకోవాలని నా మనవి. ఉరి తీసి ఊరుకోలేదు. ఆయన తలను కోవెలకుంట్ల కోట దగ్గర వేలాడదీసి 1877 దాకా అలాగే ఉంచారు. అంటే 30 ఏళ్లు. మధ్యలో 1857 వచ్చింది, కంపెనీ పోయి రాణి పాలన వచ్చింది, అయినా దాన్ని దించలేదు. ఎందుకు ఉంచారు? సంతకు పోయే రైతు, గడ్డిమోపుతో వచ్చే ఆడమనిషి, బండి తోలేవాడు, బడికి పోయే పిల్లవాడు రోజూ తలెత్తి చూసి బెదరాలని. జనానికి చెప్పదలిచింది జరిగిన చోటే చెప్పాలని, వాళ్లు నడిచే దారి పక్కనే చెప్పాలని పరాయి ప్రభుత్వానికి తెలుసు. వాళ్ల బోర్డు వాళ్లు పెట్టుకున్నారు. దాన్ని 30 ఏళ్లు చెక్కుచెదరకుండా కాపాడుకున్నారు కూడా. స్వతంత్రం వచ్చి దాదాపు 80 ఏళ్లవుతోంది. ఆ దారుల మీద దానికి మన జవాబు ఏది? ఆ బోర్డు చూసి బెదిరినవాళ్ల మునిమనవలకు మీరేం చూపిస్తున్నారు?

ఇది మీ బాధ్యత కాదని అనడానికి లేదు. జాతీయ ప్రాముఖ్యం ఉన్న చారిత్రక స్థలాలను కాపాడే భారం రాజ్యాంగం 49వ అధికరణ ప్రభుత్వం మీద పెట్టింది. 51ఎ అధికరణ స్వాతంత్ర్య పోరాటానికి ప్రేరణగా నిలిచిన ఆదర్శాలను గుండెల్లో పెట్టుకోవడం పౌరుల విధి అంటోంది. మా విధి మేం చేస్తాం. అయితే ఆ పోరాటం మా ఊరి పక్కనే జరిగిందని మాకు చెప్పాల్సింది ఎవరు? యుద్ధం జరిగిన చోట గుడి లేదు, కోట లేదు, రక్షిత కట్టడంగా ప్రకటించడానికి ఏముందని మీలో కొందరు అనవచ్చు. ప్రకటించమని నేనడగడం లేదు. కంచె వేయమనీ అడగడం లేదు. ఎవరి పొలమూ తీసుకోనక్కర్లేదు. రోడ్డు అంచున, బస్సు ఆగేచోట, మనిషి నిలబడి చదువుకునే ఎత్తులో ఒక రాయి చాలు. దానికి కావాల్సిన నాలుగడుగుల జాగా రహదారి శాఖ చేతిలోనే ఉంది.

ఇంకో సాకు వస్తుందని తెలుసు కనుక ముందే చెబుతున్నాను. కనుమకు ఒక పక్క మా జిల్లా, గిద్దలూరు మా జిల్లా కాదు, కాబట్టి అది మా పని కాదంటారు. 1846లో నరసింహారెడ్డి కూడా సరిహద్దుల మీదుగానే నడిచాడు. కోవెలకుంట్ల, కంభం కడప కలెక్టరు కింద. నంద్యాల, మా నందికొట్కూరు సీమ 1839 దాకా కర్నూలు నవాబు కింద, ఆ తర్వాత కంపెనీ కింద. 1858లో వాటన్నిటినీ కలిపి కర్నూలు జిల్లా చేశారు. 1970లో గిద్దలూరును విడదీసి ప్రకాశంలో కలిపారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా పుట్టింది. ఇన్నిసార్లు గీతలు మారినా కొండ కదలలేదు, దారి కదలలేదు. గుర్రం మీద పోయిన మనిషి దాటిన గీతను మీ ఫైలు దాటలేదా?

నాది మిడుతూరు. ఉయ్యాలవాడకు చుట్టపు ఊరేం కాదు, ఆ యుద్ధాల్లో మా ఊరి పేరు వినిపించదు. అయినా ఇది రాయడానికి కారణం మా మండలంలోనే ఉంది. రోళ్లపాడులో 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం పెట్టారు. ఆ పక్షి ఇప్పుడు మా గడ్డిబీళ్లలో కనిపించడం గగనమైపోయింది. ఐనా రోళ్లపాడు దారిన పోయే పిల్లవాడు బోర్డు మీది బొమ్మ చూసి అదేం పిట్టని అడుగుతాడు. పెద్దవాళ్లు చెబుతారు. అడగడానికి ఏదో ఒకటి కంటికి ఆనాలి కదా? మా వైపు పోరాటమూ ఒకటుంది. 1839 అక్టోబరులో కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ మనుషులు కంపెనీ సేనతో కర్నూలు పక్కన జొహరాపురంలో తలపడ్డారు. నవాబును తిరుచినాపల్లికి తీసుకుపోయారు. ఇప్పుడు జొహరాపురం అంటే కర్నూలులో చాలామందికి ఒక పేట గుర్తొస్తుంది, అంతే. ఏడేళ్ల తేడాతో జరిగిన ఈ రెండింటినీ కలిపి చదివితే గాని, కంపెనీ ఈ సీమను ఎలా మింగిందో అర్థం కాదు.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం 1927 నుంచే ఇలాంటి రోడ్డు పక్క పలకలు పెడుతోంది. ఇప్పుడవి 2,000కు పైనే ఉన్నాయి. అక్కడ పెద్ద యుద్ధాలకే కాదు, ఒక పాత బండ్ల బాటకు, ఒక బడికి, ఒక సత్రానికి కూడా పలక ఉంటుంది. మనకు వాళ్లను చూసి నేర్చుకునే అవసరం కూడా లేదు. దొరికినవాటిలో తొలి తెలుగు శాసనం ఏ గడ్డ మీద వెలసింది? కలమళ్లలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు వేయించాడు, 6వ శతాబ్దంలో. ఊరూరా వీరగల్లులు నిలబెట్టిన నేల ఇది. ఫలానావాడు ఇక్కడ పశువుల కోసం పోరాడి పోయాడని రాయి మీద బొమ్మ చెక్కి, ఊరి ముందు నిలిపిన జనం మనవాళ్లు.

అందుకే రేకు బోర్డు వద్దంటున్నాను. ఆర్నెల్లకు తుప్పు, ఏడాదికి ఎవరిదో పుట్టినరోజు పోస్టరు. ఆళ్లగడ్డ శిల్పుల చేతిపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేవుళ్ల విగ్రహాలు చెక్కించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. రుద్రవరానికి దగ్గర్లోనే ఉన్న ఆ ఉలులకు ఈ పని ఎందుకు అప్పగించకూడదు?

రాయి మీద ఏం ఉండాలన్నది కూడా ఇంతే ముఖ్యం. శిలాఫలకం మీద సగం చోటు ప్రారంభించినవారి పేరుకు, హాజరైనవారి పేర్లకు పోయే ఆచారం ఇక్కడ వద్దు. ఒక్క పదవి పేరు కూడా ఉండకూడదని నా పట్టుదల. "దేశంలోనే మొట్టమొదటి" అన్న మాటా వద్దు. 1799లో కట్టబొమ్మన, 1817లో ఒడిశా పాయికులు, వాళ్లవీ తిరుగుబాట్లే. వరుస నంబరుతో మన మనిషి గొప్ప పెరగదు, తరగదు. ఇంకొకటి. శిక్ష పడినవాళ్లలో కొందరిని అండమాన్ పంపారని తరచూ రాస్తుంటారు. అండమాన్‌లో ఖైదీల స్థావరం పెట్టింది 1858లో, 57 తిరుగుబాటు అణిచాక. 1847లో సముద్రం దాటించిన ఖైదీలను పెనాంగ్, సింగపూర్ల వైపు పంపేవారు. నోటిమాటగా నలిగినదాన్ని రాతి మీదికి ఎక్కించేముందు ఒక్కసారి చూసుకోవాలి, చెక్కాక దిద్దలేం. నరసింహారెడ్డి కులం పేరు ఎత్తడానికి, ఆయన్ని ఒక కులం మనిషిగా చూపడానికి ఆ రాయి పనికిరాకూడదు. ఆయన పక్కన నిలబడిన వడ్డె ఓబన్న పేరు మాత్రం ఆయన పేరుతో సమానమైన అక్షరాల్లో ఉండాలి.

నాకు తోచిన మాటలు రాసిస్తున్నాను. పండితులతో దిద్దించండి, చిక్కగా చేయండి, మార్చండి, కానీ ఇంతకంటే పొడుగు చేయకండి:

"ఇది నల్లమల కనుమ దారి. లంబాడీల ఎద్దుల మందలు ఈ కొండల మీదుగా కోస్తా ఉప్పును రేనాటికి, రేనాటి పంటను కోస్తాకు చేర్చేవి. ఈ దారులకు కావలి కాసిన పాలెగాళ్ల, కట్టుబడుల హక్కులను ఈస్టిండియా కంపెనీ లాగేసుకుంది. 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, వడ్డె ఓబన్న, వారి వెంట కట్టుబడులు, బోయలు, చెంచులు తిరగబడ్డారు. కోవెలకుంట్ల, రుద్రవరం, గిద్దలూరుల దగ్గర కంపెనీ బలగాలతో పోరాడారు. నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీశారు. 112 మందికి జైలు శిక్ష పడింది."

చదవడానికి ఎంతసేపు పడుతుంది? బస్సు ఆగి టీ తాగేంత. పైన తెలుగులో, కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంటే చాలు. ఘాట్ రోడ్డు మొదట్లో గాజులపల్లె వైపు ఒకటి, దిగాక గిద్దలూరులో ఒకటి, రుద్రవరంలో ఒకటి, పేరుసోములలో ఒకటి, జుర్రేరు ఒడ్డున ఒకటి. ఇదీ నా కోరిక. వచ్చే ఫిబ్రవరి 22 లోపు కనీసం మొదటి రాయి నిలబడేలా చూడండి. కాదంటే ఎందుకు కాదో లిఖితపూర్వకంగా, కారణంతో సహా చెప్పండి. ఇన్ని మాటలు బహిరంగంగా అడిగినప్పుడు జవాబు కూడా బహిరంగంగానే రావాలి.

చివరగా ఇంకొక్కటి, ఇది పురావస్తు శాఖవారికే. శిక్ష పడిన ఆ 112 మంది ఎవరు? ఏ ఊళ్లవాళ్లు? ఎవరు తిరిగొచ్చారు, ఎవరు రాలేదు? మద్రాసు రాజధాని పాత రికార్డులు ఇప్పటికీ చెన్నైలో, లండన్‌లో భద్రంగా ఉన్నాయి. కడప కలెక్టరు రాసిన ఉత్తరాలు, విచారణ కాగితాలు తెలిసిన మనుషులను పెట్టి వెతికించండి. దొరికినన్ని పేర్లు, ఊళ్ల పేర్లతో సహా, కోవెలకుంట్ల రాయి వెనకవైపు చెక్కించండి. అందుకోసం ఆ రాయికి వెనక ముఖం కూడా నునుపుగా తీయమని శిల్పులకు ముందే చెప్పండి.

ఇట్లు,
మిడుతూరు వాసి ఒకరు
నంద్యాల జిల్లా